లాయరు హార్వుడ్ ఓడిపోయిన ఎన్నిక

లెటీషియా కన్ను మూసిన రోజున బయట మంచు కరుగుతోంది. లాయరు థాడియస్ హార్వుడ్ భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె అడిగింది ఒక్కటే. పెళ్లయినప్పటినుంచి తనతో పాటు ఆ వంటింట్లో మగ్గిన డార్కస్‌నూ, ఆమె కూతుళ్లిద్దరినీ బానిసత్వం నుంచి విడిపించమంది.

"ఏప్రిల్‌లో ఎన్నికలు అయిపోనీ. ఇప్పుడు చేస్తే తోటల యజమానులు ఒక్కరూ నాకు ఓటెయ్యరు" అన్నాడు.

ఆమె సాయంత్రానికి పోయింది.

యజమాని తలుచుకుంటే ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి బానిసలను విడిపించవచ్చన్న చట్టం కోసం వర్జీనియా శాసనసభలో గట్టిగా వాదించిన వాళ్లలో థాడియస్ ఒకడు. ఆ చట్టం వచ్చింది కానీ ఆయన గడప మాత్రం తొక్కలేదు. తల్లి చివరి కోరిక తీర్చలేదని కొడుకు ఫిలిప్ తండ్రితో మాట్లాడటం మానేశాడు. భార్య పోయిన ఇంట్లో ఆ మౌనం ఆయనకు భరించరానిదైంది. సభలో తన స్థానం ఒక్కటే మిగిలిందనుకున్నాడు.

ఎన్నికనాడు కోర్టు ముంగిట బల్ల వేశారు. నడుమ ఎన్నిక నడిపే షెరీఫ్, అటు థాడియస్, ఇటు పోటీదారు కర్నల్ స్ప్రాట్లీ. ఓటరు తనకు కావలసినవాడి పేరు అందరూ వినేలా చెప్పాలి. ఆ పేరుగల పెద్దమనిషి లేచి, వంగి, కృతజ్ఞతలు చెప్పాలి. మధ్యాహ్నానికి వంగి వంగి థాడియస్ నడుము పట్టేసింది. గెలుపు ఖాయమనిపించింది.

అప్పుడు ఫిలిప్ వచ్చాడు. సొంత పొలం ఉన్నవాళ్లకే ఓటు. తల్లివైపు పొలం చేతికొచ్చాక అతనికిదే మొదటి ఓటు.

"ఫిలిప్ హార్వుడ్ గారూ, మీ ఓటెవరికి?" అన్నాడు షెరీఫ్.

"కర్నల్ స్ప్రాట్లీకి."

ఓటర్లకు పోయడానికి పెట్టిన రమ్ముపీపా దగ్గరివాళ్లు ఇటు తిరిగారు. కర్నల్ లేచి వంగాడు. "చల్లగా ఉండు బాబూ. మావాడే నాకు వేస్తాడో లేదో తెలీదు, నువ్వేశావు."

అందరూ నవ్వారు. ఫిలిప్ తండ్రివైపు తిరిగాడు.

"గెలిస్తే మళ్లీ ఎన్నికలదాకా ఆగమంటారు నాన్నగారూ. ఓడిపోతే ఆగడానికి సాకుండదు."

థాడియస్ లేచి కోర్టు లోపలికెళ్లాడు. విడుదల పత్రం తన చేత్తోనే రాసి తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇద్దరు సాక్షులు కావాలి."

ఫిలిప్ సంతకం పెట్టాడు. రెండో చెయ్యి లేవలేదు. ఇందాక ఆయనకు ఓటేసినవాళ్లు బూట్లకేసి చూసుకున్నారు. కర్నల్ పత్రం చదివి కలం అందుకున్నాడు.

"ఇంత లాభసాటి సంతకం నేనెప్పుడూ పెట్టలేదు లాయరుగారూ. ఇటివ్వండి."

కర్నల్ లెక్క తప్పలేదు. ఆ తర్వాత వచ్చిన తోటల యజమానులంతా ఆయన పేరే చెప్పారు. పొద్దు వాలేసరికి థాడియస్ ఓడిపోయాడు.

ఇంటిదారిలో ఫిలిప్ తన గుర్రాన్ని తండ్రి గుర్రం పక్కకు తెచ్చాడు. "ఇంటిదగ్గర అమ్మ గుర్రం కుంటుతోంది, చూశారా?" అన్నాడు. నాడా మార్పించాలా, వైద్యుణ్ణి పిలవాలా అని ఇల్లు చేరేదాకా వాదించుకున్నారు. నెల రోజుల్లో వాళ్లు ఇంతసేపు మాట్లాడుకున్నది ఇదే మొదటిసారి.

వంటింట్లో డార్కస్ పత్రం అందుకుని, కూతుళ్ల పేర్లు రెండుసార్లు చదివించుకుంది.

"అయితే రేపు రొట్టె కాల్చమంటే కూలి ఇవ్వాలయ్యగారూ."

"ఇస్తాను."

"ముందు చెప్పండి ఎంతిస్తారో. లాయర్లతో మాట నోటిమీద వదలకూడదంట."

ఆమె నవ్వింది. పత్రం మడిచి రవికలో దాచుకున్నాక అడిగింది. "మరి మా మోజెస్?"

ఆమె భర్త మోజెస్ కర్నల్ స్ప్రాట్లీ తోటలో బానిస. అతన్ని వదలమని కర్నల్‌ను ఇంకా ఎవరూ అడగలేదు.