హస్తవాసి

పిల్లల వార్డులో పొద్దున ఏడింటికి పెద్ద నర్సు డ్యూటీ ఎక్కగానే తల్లులంతా ఆవిడ బల్ల దగ్గరే వరస కట్టేవారు. పక్క బల్ల దగ్గర ఆవిడ కూతురు, కొత్తగా చేరిన చిన్న నర్సు, ఖాళీగా నిలబడేది.

"ఆవిడ హస్తవాసి మంచిది. ఒక్క పోటుకే నరం దొరుకుతుంది," అనుకునేవారు.

ఆ మాట వింటే పెద్ద నర్సుకి ఒళ్లు మండేది. ఆవిడ ఎడమ చేతినిండా సూది చుక్కలే. ఇరవై ఏళ్లుగా రోజూ తనని తాను పొడుచుకుని నేర్చుకున్న పని అది. ఆ పోట్లకి లోపలి నరాలు మచ్చికైపోయాయి. వేలితో తడితే లేచేవి, పిలిచిన వైపు పాకేవి. చిన్నప్పటినుంచీ చూస్తున్న కూతురికి అందులో వింతేమీ లేదు.

"నువ్వూ పొడుచుకోవే. పుట్టుకతో వచ్చేది కాదు ఇది."

"నొప్పమ్మా. అయినా నీ అదృష్టం నాకు లేదులే."

"అదృష్టమా! ఈ చెయ్యి చూసి అను ఆ మాట."

కూతురు మొహం తిప్పుకునేది.

వాన పట్టిన ఒక మధ్యాహ్నం, వార్డు ఊడ్చే ఆమె తన మూడేళ్ల పిల్లని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. రెండు రోజులుగా విరేచనాలు. కళ్లు లోతుకు పోయాయి. పెద్ద నర్సు వేరే గదిలో ఉండటంతో చిన్న నర్సే సూది అందుకుంది. చేతులు, పాదాలు, అయిదు చోట్ల పొడిచింది. చుక్క రక్తం రాలేదు. పిల్ల ఏడవడం కూడా మానేసింది.

"అమ్మా!" అని చిన్న నర్సు కేకేసింది.

పెద్ద నర్సు వచ్చి తడిమి చూసింది. "నరాలు లేవే. ఎండిపోయాయి."

మంచం అంచున కూర్చుని, తన ఎడమ చెయ్యి పిల్ల ఎడమ చేతికి ఆనించి, తన మణికట్టు మీద తట్టింది. నీలంగా ఒక నరం లేచి, నెమ్మదిగా పాకి, పిల్ల చేతిలోకి దిగిపోయింది.

"ఇప్పుడు పొడు. నువ్వే పొడవాలి, నా చెయ్యి ఆడట్లేదు."

ఈసారి దొరికింది. సెలైన్ ఎక్కింది. సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచింది.

"నా బిడ్డ అదృష్టవంతురాలమ్మా," అంటూ ఊడ్చే ఆమె చిన్న నర్సు చేతులు కళ్లకద్దుకుంది.

పెద్ద నర్సు చెయ్యి ఆ రోజే చల్లబడింది. నెల తిరక్కుండా ఆ చలి గుండెదాకా పాకింది. ఆవిడ పోయిన మర్నాటినుంచి చిన్న నర్సు తన చేతిలో తనే పొడుచుకోవడం మొదలుపెట్టింది. నరాలింకా మచ్చిక కాలేదు.

ఆరు నెలల తర్వాత టీకాల వరసలో ఆ పిల్ల వచ్చింది. బుగ్గలొచ్చాయి. చిన్న నర్సు పిల్ల కుడి చెయ్యి పట్టుకుంది. పిల్లల నాడి, గబగబా పరుగెడుతోంది. ఎడమ చెయ్యి పట్టుకుంది. అక్కడ నాడి నింపాదిగా, డ్యూటీ దిగి మెట్లెక్కుతున్న మనిషిలా, అలసటగా కొట్టుకుంటోంది.

వెనక వరసలో గొణుగుడు మొదలైంది.

"ఆంటీ, నా చెయ్యి," అంది పిల్ల.

చిన్న నర్సు వదల్లేదు.