ఆ కుర్చీ మాత్రం వద్దు సార్

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ ప్రైవేటు యూనివర్సిటీలో ఉద్యోగుల కమిటీకి ముగ్గురు పెద్దలు. బస్సుల సెక్షన్ సూపర్‌వైజరు ధనకోటి అధ్యక్షుడు. పరీక్షల విభాగంలో గుమాస్తా జ్యోతిక కార్యదర్శి. కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసే యువరాజ్ మూడో మనిషి. ముగ్గురి ఇళ్ళలోనూ తెలుగే, గడప దాటితే తమిళం.

జీతాల గురించి మాట్లాడడానికి కూర్చున్నప్పుడల్లా బల్లకి అవతల రిజిస్ట్రారు బాలసుబ్రమణ్యం, ఆయన పక్కన హెచ్.ఆర్. మేనేజరు అరవింద్ ఉండేవాళ్ళు. రిజిస్ట్రారు తమిళం అచ్చువేసినట్టు మాట్లాడతాడు, ఇంగ్లీషు ఇంకా బాగా మాట్లాడతాడు. అరవింద్‌ది కోయంబత్తూరు. ఇద్దరికీ తెలుగు రాదన్న ధీమా వల్ల కమిటీవాళ్ళు లేచి బయటికి పోయి సలహా చేసుకునే పని ఉండేది కాదు. రిజిస్ట్రారు తెప్పించిన టీ తాగుతూ, ఆయన ఎదురుగానే తెలుగులో మంతనాలాడి, తేలిన మాట తమిళంలో చెప్పేవాళ్ళు. ఇంత సౌకర్యం ఏ యూనియనుకీ ఉండదని ధనకోటి గర్వపడేవాడు.

అయితే వాళ్ళు వేసిన ఎత్తు ఒక్కటీ పారేది కాదు. స్నాతకోత్సవం రోజు డ్రైవర్ల ఇంటివాళ్ళని గేటు దగ్గర ధర్నాకి కూర్చోబెడదామని అనుకున్నారు. వారం తిరక్కుండా ఉత్సవం చెన్నైలో ఏదో హాలుకి మారిపోయింది. జీతం పెంచకపోయినా పోనీ, పిల్లల బస్సు ఫీజు తీసేస్తే సర్దుకుందామని యువరాజ్ ఒకసారి తెలుగులో నసిగాడు. మరుసటి సమావేశంలో రిజిస్ట్రారు చిరునవ్వుతో బస్సు ఫీజు తీసేసి, జీతాల కాగితం పక్కన పెట్టాడు.

"ఈయప్పకి మంత్రం ఏమన్నా తెలుసునా?" అన్నాడు ధనకోటి.

జవాబు జ్యోతికకి తిరుత్తణి కొండ మీద దొరికింది. ఆ ఆదివారం ఆమె తమ్ముడి బిడ్డ యశస్వినికి చెవులు కుట్టిస్తున్నారు. మంటపంలో పక్కనే ఇంకో కుటుంబం అదే పని మీద వచ్చింది. ఆ గుంపు మధ్యలో పట్టుపంచె కట్టుకుని, మేనమామ హోదాలో, గుండు చేయించిన పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి ఆమె చేతిలోని పూలపళ్ళెం కొంచెం వంగింది. ఆయన రిజిస్ట్రారు బాలసుబ్రమణ్యం.

"బాలా, బిడ్డని గట్టిగా పట్టుకోరా," అని పక్కన ఒక ముసలమ్మ కేకేసింది.

"పట్టుకోనే ఉండా కదమ్మా. నువ్వు ఊరికే అరస్తా ఉంటే వీడు ఇంగా జడుసుకుంటాడు," అన్నాడు రిజిస్ట్రారు. పిల్లవాడి తల నిమురుతూ, "ఏడవాకు నాయనా, అయిపోయె, అయిపోయె. మామ ఉండాడు కదా," అని లాలించాడు.

జ్యోతిక స్తంభం చాటుకి జరిగింది. తన తెలుగులో సగం తమిళమే. ఆయనది కడిగిన ముత్యంలా ఉంది. ఇన్నాళ్ళు ఆయన ముందర తాము మాట్లాడిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయన బట్టతల గురించి యువరాజ్ అన్నవి కూడా. ఆమె చెవులు వేడెక్కాయి.

సోమవారం క్యాంటీనులో చెబితే ధనకోటి నమ్మలేదు. "నువ్వు ఇంకెవుర్నో చూసింటావు. ఆ మనిషికి తెలుగు యాడ నుంచి వస్తాది?"

"సరే అన్నా, పరీక్ష పెడదాం," అంది జ్యోతిక.

ఆ వారం సమావేశంలో రిజిస్ట్రారు ఏదో సర్క్యులరు చదువుతున్నాడు. ధనకోటి యువరాజ్ వైపు వంగి, తెలుగులో, జాలిగా అన్నాడు: "పాపం, సారు మీసంలో మెతుకు ఇరుక్కోని ఉండాది. ఎవురన్నా చెప్తే బాగుండు."

రిజిస్ట్రారు చదువుతూనే ఉన్నాడు. ఒక వాక్యం చదివాడు, ఇంకొకటి చదివాడు. తర్వాత జేబురుమాలు తీసి, చల్లటి ఏసీ గదిలో, నుదుటి మీద లేని చెమట తుడుచుకున్నాడు. ఆ రుమాలు అట్లాగే కిందికి దిగి మీసం మీద అటొకసారి ఇటొకసారి తిరిగి జేబులోకి పోయింది. యువరాజ్ పెన్ను కింద పడిందని బల్ల కిందికి వంగాడు. చాలాసేపు పైకి రాలేదు.

బయటికి రాగానే ధనకోటి మండిపడ్డాడు. "మొగం మీదనే అడిగేస్తా. ఇన్నాళ్ళూ మన టీ తాగి మన మాటలే ఇన్న్యాడా?"

"టీ ఆయందే అన్నా," అంది జ్యోతిక. "అడిగితే ఏమొస్తాది? ఇంకమీద జాగర్తపడతాడు, అంతే. ఇప్పుడైతే మనం ఏది ఇనమంటే అది ఇంటాడు. మనకి ఏం కావాల్నో అది ఆలోచించు."

ఏం కావాలో ముగ్గురికీ తెలుసు. జీతాల మాట ఎత్తినప్పుడల్లా రిజిస్ట్రారు ఫైనాన్స్ కమిటీ ఒప్పుకోవాలి అనేవాడు. ఆ కమిటీలో ఉద్యోగుల తరఫున ఒకరు ఉండొచ్చని యూనివర్సిటీ నిబంధనల్లోనే ఉంది. ఆ కుర్చీ మొదటి నుంచీ ఖాళీ. వీళ్ళకి ముందున్న ఉద్యోగుల పెద్దలు అడిగినప్పుడల్లా పరిశీలిస్తున్నాం అనే జవాబు వచ్చేది.

"అడిగితే ఇయ్యరు," అంది జ్యోతిక. "వద్దంటే ఇస్తారేమో."

షెడ్డులో ఆగి ఉన్న బస్సెక్కి రిహార్సలు చేశారు. ధనకోటికి నటన చేతకాలేదు. కుర్చీ అనే మాట రాగానే గుండె మీద చెయ్యి వేసుకుని సీటు మీదికి ఒరిగిపోయాడు.

"అంత వద్దన్నా. ఎవురో పోయినట్టుండాది," అంది జ్యోతిక. "భయం లోపల పెట్టుకోని, గొంతు తగ్గించి చెప్పు. దాచిపెట్టుకుంటే ఆయనే తవ్వుకుంటాడు."

అసలు రోజు వచ్చింది. ధనకోటి తమిళంలో జీతాలు పెంచమన్నాడు. రిజిస్ట్రారు మామూలుగానే ఫైనాన్స్ కమిటీ పేరు చెప్పాడు. అప్పుడు జ్యోతిక ధనకోటి చెవి దగ్గరికి వంగింది.

"అన్నా, ఆ కమిటీ మాట లాగొద్దు. మీలో ఒకరు వచ్చి ఆడ కూర్చోండి అంటే ఏం చేస్తాం?"

"ఆ మాట నోట్లో నుంచి రానీబాకమ్మా," అన్నాడు ధనకోటి. ఈసారి గొంతు బాగా కుదిరింది. "ఆడ కూర్చుంటే మన నోరు మనమే కుట్టుకున్నట్టు. దుడ్డు లేదని వాళ్ళు రాస్తే కింద మనం కూడా సంతకం పెట్టాల. రేపు గేటు కాడ యా మొగంతో అరస్తాం?"

ఇక్కడ యువరాజ్ ఒక మాట అనాలి. వాడు అది మర్చిపోయాడు. కంగారులో నోటికొచ్చింది అనేశాడు: "నాకైతే ఆ కుర్చీ తలుచుకుంటేనే కడుపులో తిప్పతా ఉండాది."

రిజిస్ట్రారు కళ్ళజోడు తీసి, తీరిగ్గా తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

తర్వాతి సమావేశంలో ఆయన హుషారుగా ఉన్నాడు. ఉద్యోగులు లేని పరిపాలన ఒంటి కాలి నడక లాంటిదని తమిళంలో చక్కగా ప్రసంగించాడు. చైర్మన్ గారిని తానే ఒప్పించానని, ఇకమీద ఫైనాన్స్ కమిటీలో జ్యోతిక సభ్యురాలని ప్రకటించాడు.

"ఆ కుర్చీ మాత్రం వద్దు సార్," అన్నాడు ధనకోటి తమిళంలో, లేచి నిలబడి.

"అట్లా అనకూడదు. బాధ్యత పంచుకోవాలి," అన్నాడు రిజిస్ట్రారు.

జ్యోతిక తల వంచుకుంది. ఆమె నవ్వు ఆపుకుంటోందని ధనకోటికి తెలుసు, ఏడుపు ఆపుకుంటోందని అరవింద్ అనుకున్నాడు. పాపం, అతను ఆమె ముందుకి నీళ్ళ గ్లాసు జరిపాడు.

అయితే ఫైనాన్స్ కమిటీ గదిలోకి అడుగుపెట్టిన రోజున జ్యోతికకి నవ్వు రాలేదు. బస్సులో రిహార్సలు చేసిన అబద్ధంలో నిజం కూడా ఉందని అప్పుడు తెలిసింది. చుట్టూ సూట్లు, తోలు ఫైళ్ళు. అందరూ దేనికైతే తలూపారో దానికి తన తల కూడా ఊగబోయింది. మొదటి అంశం మెయిన్ గేటు ముందర పాటలకి ఎగిరే ఫౌంటెన్. రంగు లైట్లు ఎన్ని ఉండాలన్నదాని మీద చర్చ నడుస్తోంది. బయటి సభ్యుడు ఒకాయన, రిటైరైన బ్యాంకు అధికారి వరదరాజులు, అంతలో ఆమె వైపు చూసి, "మీరెవరమ్మా? కొత్తగా ఉన్నారే," అని అడిగాడు.

ఆమె లేచింది. తయారుచేసుకున్న ప్రసంగం ఒక్క ముక్క గుర్తు రాలేదు. "ఉద్యోగుల తరఫున వచ్చాను సార్," అంది తమిళంలో. ఇంకేం చెప్పాలో తోచక, ఇంట్లో భర్తతో అన్నట్టే అనేసింది: "కిందటిసారి మాకు జీతం పెరిగినప్పుడు మా పాప నిత్య ఎల్.కె.జి. సార్. ఇప్పుడు ఆరో తరగతి."

వరదరాజులు రిజిస్ట్రారు వైపు తిరిగాడు. "నిజమేనా? ఈ విషయం మా ముందుకి ఎప్పుడూ రాలేదే."

రిజిస్ట్రారు కళ్ళజోడు తీశాడు. చైర్మన్ ఆయన్ని చూశాడు. ఆ పూట ఫౌంటెన్ వాయిదా పడింది. ఆ తర్వాతి నెల జీతాలు పెరిగాయి. అడిగినంత కాదు, అందులో సగానికి కొంచెం పైన. బస్సుల షెడ్డులో ధనకోటి అందరికీ మైసూరుపాకు పంచాడు.

జీతాలు పడిన రోజు వరండాలో రిజిస్ట్రారు జ్యోతికకి ఎదురయ్యాడు. అటూ ఇటూ చూసి, తెలుగులో అడిగాడు: "ఆ కుర్చీ అంటే భయమన్న్యారే?"

"భయమే సార్. ఆ పొద్దు లోపల రాసుకొచ్చింది ఒక్క ముక్క గుర్తుకి రాలే."

"నా సంగతి ఎప్పుడు తెలిసె మీకు?"

"తిరుత్తణిలో. మీరు పిల్లోడికి చెవులు కుట్టిస్తా ఉన్నప్పుడు."

ఆయన ముఖం ఎర్రబడింది. కోప్పడతాడేమో అనుకుంది. ఆయన వరండా గోడకి ఆనుకుని, "మా అమ్మ గొంతు అట్లాంటిది," అన్నాడు. తర్వాత తనే చెప్పాడు: "ఈడ చేరిన కొత్తలో ఎవురూ అడగలే, నేనూ చెప్పలే. దాని తర్వాత మీరు నా ముందరే మాట్లాడబడితిరి. నా బట్టతల దాకా వచ్చినాక ఇంగ యా నోటితో చెప్పేది?"

జ్యోతికకి నిజంగా సిగ్గేసింది. "అది యువరాజ్ సార్, నేను కాదు," అంది.

"నాకు గొంతులు తెలుసులేమ్మా," అని ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి సమావేశం డ్రైవర్ల ఓవర్‌టైం గురించి. రిజిస్ట్రారు కుర్చీలో కూర్చుంటూనే, "చెప్పు ధనకోటీ, నీ బాధేంది?" అన్నాడు. ధనకోటి కూడా తెలుగులోనే అందుకున్నాడు. తమిళంలో మర్యాదగా వాదించుకునే ఇద్దరూ తెలుగులో బల్ల గుద్దుకున్నారు. రిజిస్ట్రారు సొంత భాషలో ఇంకా మొండివాడని కమిటీకి ఆ రోజు తెలిసింది. అరవింద్ తలకాయ ఇటు తిప్పి అటు తిప్పి అలిసిపోయాడు. చివరికి యువరాజ్ పక్కకి కుర్చీ జరుపుకుని, తెలుగు నేర్చుకోవాలంటే ఎన్నాళ్ళు పడుతుందని తమిళంలో మెల్లగా అడిగాడు.

యువరాజ్ బల్ల అవతలా ఇవతలా చూసి, "ఓవర్‌టైం తేలేలోపల వచ్చేస్తుంది సార్," అన్నాడు.