కాలవ లేని ఊళ్లో పది నిమిషాలు

మా ఆయన జగన్నాథరావు గారికి అంకెలంటే భయం లేదు, గౌరవమూ లేదు. తొంభై ఆరుని వంద అంటారు. డెబ్బై ఒకటిని అసలు అనకుండానే దాటేస్తారు. బెంగళూరులో కొబ్బరి రైతుల సదస్సులో పది నిమిషాలు మాట్లాడమని ఆయనకు పిలుపు వచ్చినప్పటి నుంచీ నా బెంగంతా ఆ డెబ్బై ఒకటి గురించే.

రామచంద్రపురం దగ్గర మాకు నాలుగెకరాల కొబ్బరి తోట ఉంది. నాలుగేళ్ల కిందట ఆకుల అడుగున తెల్లదోమ పట్టింది. చుట్టుపక్కల మందు కొట్టని తోట లేదు. నేను కాకినాడలో బోటనీతో డిగ్రీ చదివాను. ఒక ఆకు తెప్పించి భూతద్దంతో చూస్తే, తెల్లటి దోమపిల్లల మధ్య కొన్ని నల్లబడి కనిపించాయి. వాటిని లోపలి నుంచి తినేసే చిన్న పురుగు మా తోటలోకి అప్పటికే వచ్చింది. మందు కొడితే ముందు చచ్చేది అదే.

"ఈ ఏడాది కొట్టకండి" అన్నాను. ఆయన కొట్టలేదు.

ప్రతి శుక్రవారం పన్నెండు చెట్ల ఆకులు చూసి నల్లవెన్ని, తెల్లవెన్ని అని నోటుబుక్కులో రాశాను. చెట్లెక్కించి దింపు తీయించినప్పుడల్లా కాయలూ రాశాను. అంతకు ముందు ఏడాదికి చెట్టుకు సగటున నూట నాలుగు. మందు మానేసిన మొదటి ఏడాది డెబ్బై ఒకటి. ఇప్పుడు తొంభై ఆరు.

ఆ డెబ్బై ఒకటి ఏడాది మా బావగారు పెదబాబు గారు పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ ఒకే మాట చెప్పుకుని నవ్వారు. "మావాడు తోటని ల్యాబు చేసి పెళ్లానికి ఇచ్చేశాడు." మా ఆయన కూడా పక్కనే నిలబడి నవ్వేవారు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం దగ్గర మాట్లాడేవారు కాదు.

సామర్లకోటలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన దగ్గర్నుంచి ఆయన చేత మాటలు వల్లె వేయించాను.

"మొదట్లో కొంచెం తగ్గిందండి, తర్వాత ఓ వంద దాకా వచ్చేసిందండి" అన్నారు.

"ఎంత తగ్గింది?"

"కొంచెం."

"ముప్పై మూడు కాయలు కొంచెమా?"

"అబ్బ, అంత వివరంగా ఎవరడిగారే?"

"ఎవరూ అడక్కపోయినా చెప్పాలి. మన మాట విని ఎవరైనా మందు మానేస్తే, మొదటి ఏడాది వాళ్ల గుండె ఆగిపోతుంది."

ఆయన కిటికీ వైపు తిరిగి జామకాయల వాణ్ణి పిలిచారు. పరువు కోసం దాస్తున్నారనుకున్నాను. నాకు కోపం వచ్చింది.

బెంగళూరు మేం అనుకున్న దానికంటే పచ్చగా ఉంది. రోడ్డుకి ఆ పక్కనుంచి ఈ పక్కకి కొమ్మలు కలిసిపోయి, ఆటోలో వెళ్తుంటే ఎండ చుక్కలు చుక్కలుగా మీద పడింది. ఆయన తల బయట పెట్టి చూస్తూనే ఉన్నారు. "ఇన్ని చెట్లున్నాయి, నీళ్లేవే?" అన్నారు. మా వైపు పచ్చదనం ఉందంటే పక్కనే కాలవ ఉండాలి. ఇక్కడ ఎంత దూరం వెళ్లినా కాలవ లేదు. సదస్సు జరిగే హోటల్లోనే మేం దిగాం. ఎదురుగా పెద్ద పార్కు, అందులో ఇద్దరు చేతులు చాపినా అందని మానులు. ప్రతి మానుకీ చిన్న రేకు ముక్క మీద నంబరు కొట్టి ఉంది. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి "పార్కులో ఓ చుట్టు తిరిగొస్తాను" అని వెళ్లారు. తొమ్మిదిన్నరైనా రాలేదు. ఫోను చేస్తే మంచం పక్కన ఛార్జింగులో మోగింది.

సదస్సు పనులు చూసే హారతి అనే అమ్మాయి మెట్ల దగ్గర ఎదురైంది. కాకినాడ అమ్మాయే, పెళ్లయి బెంగళూరులో స్థిరపడింది. మా మాటల్ని ఇంగ్లీషులో చెప్పవలసింది కూడా తనే.

"సార్ ఎక్కడున్నారండి? పదింటికి మనదే."

"పార్కుకి వెళ్లారమ్మా. దారి తప్పి ఉంటారు."

"రాకపోతే తర్వాత వాళ్లని పిలిచేస్తారండి. మీరు మాట్లాడతారా?"

"పిలుపు ఆయనకమ్మా. నా పేరు లేదు."

"పేరుదేముందండి, రాస్తాను." ఖాళీ కార్డొకటి తీసి పెన్ను పట్టుకుంది. "చెప్పండి."

"దేవిశ్రీ" అన్నాను. ఆ పేరు బయటి వాళ్లకి చెప్పి ఎన్నాళ్లయిందో.

పదింటికి వేదిక ఎక్కాను. నోటుబుక్కు తెరిచి ఉన్నది ఉన్నట్టు చదివాను. నూట నాలుగు, డెబ్బై ఒకటి, తొంభై ఆరు. డెబ్బై ఒకటి దగ్గర హాల్లో చిన్న కదలిక వచ్చింది. ముందు వరసలో ఒక కేరళ రైతు లేచి ఏదో అడిగాడు. హారతి నా వైపు వంగింది.

"అంత తగ్గాక కూడా మందు కొట్టకుండా ఎలా ఆగారు అంటున్నారండి."

నోటుబుక్కు మూసేశాను.

"ఆగింది నేను కాదండి" అన్నాను. "కొట్టొద్దని చెప్పడం తేలిక. ఊరంతా నవ్వుతుంటే స్ప్రేయరు ముట్టుకోకుండా కూర్చున్నది మా ఆయన. నాకు బోటనీ తెలుసు. ఆయనకి తెలిసింది నా మాట ఒక్కటే."

హారతి ఇంగ్లీషులో చెబుతుండగా తలుపు దగ్గర ఆయన కనిపించారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది, చెప్పులకి బురద. హారతి చెయ్యి చాపి అటు చూపించింది. జనం వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. ఆయన ఏమీ తెలియక అందరికీ దణ్ణాలు పెట్టారు.

భోజనాల దగ్గర నేను అడగకముందే మొదలుపెట్టారు.

"కాలవ దొరికిందే. గట్టు పట్టుకుని నడిచాను. మన దగ్గరైతే వంతెన వస్తుంది, వంతెన దగ్గర టీ కొట్టుంటుంది, వాడు దారి చెబుతాడు. ఇదేమో పోయి పోయి ఇనప ఊచల కింద దూరిపోయింది. ఎటు పోయిందో ఎవడికీ తెలీదు."

"అది వాన నీళ్ల కాలవండీ."

"నాకేం తెలుసు?" పెరుగన్నం కలుపుతూ నెమ్మదిగా అన్నారు. "డెబ్బై ఒకటి చెప్పేశావంటగా."

"చెప్పేశాను. మీ పరువు పోయిందా?"

"నా పరువేంటే?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "డెబ్బై ఒకటి అంటే ఎందుకు తగ్గింది అంటారు. మా ఆవిడ మాట మీద మందు మానేశానని అనాలి. అన్నయ్య నవ్వితే మనవాడు. తెలీని ఊళ్లో, తెలీని జనం నిన్ను చూసి నవ్వుతుంటే నేను మైకు పట్టుకుని నిలబడాలా?"

నాలుగేళ్లుగా ఆకుల్ని భూతద్దంతో చూస్తున్నాను. ఎదురుగా అన్నం తింటున్న మనిషి దగ్గర తప్పు లెక్క రాసుకున్నాను.

"కేరళ ఆయన మొదటి ఏడాది అంకె మళ్లీ అడిగి రాసుకున్నాడండీ" అన్నాను. "ఎవరూ నవ్వలేదు."

"అయితే సరే" అని మజ్జిగ తాగారు.

సాయంత్రం ఆ కాలవ మాయమైన చోటు చూపిస్తానని తీసుకెళ్లారు. ఊచల ముందు గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూశారు. తర్వాత తలెత్తి చుట్టూ చూశారు.

"ఓ రెండు వేల చెట్లుంటాయేమోనే."

అక్కడి మానులకీ నంబరు రేకులున్నాయి. ఆయన నా మొహం చూసి, జేబులోంచి కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. పక్కనున్న మాను దగ్గరికి వెళ్లి, రేకు మీద దుమ్ము వేలితో రుద్ది, ఒక్కో అంకే ఆగి ఆగి చదివారు.

"మూడు వేల, రెండు వందల, పదిహేడు."