పక్క సీటు పెడల్

రెండుసార్లూ ఆమె డ్రైవింగ్ పరీక్ష తప్పింది ఒక్కచోటే, మైదానం చివరి ఎత్తు మీద. సగం ఎక్కాక కారు ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించాలి. రెండుసార్లూ ఇంజన్ దగ్గి ఆగిపోయింది, కారు వెనక్కి జారింది, పరీక్షాధికారి కాగితం మీద అడ్డగీత కొట్టాడు.

"ఎల్లుండి కూడా ఇంతే వదినా," అన్నాడు మరిది, పక్క సీట్లో కాళ్ళు ముడుచుకుంటూ. "ఊరికే ఎందుకీ తంటాలు? కాగితాల మీద సంతకం పెట్టెయ్. స్కూలు నేను నడుపుతా. నువ్వు ఫ్యాను కింద కూర్చుని ఫోన్లెత్తు, చాలు."

ఆ డ్రైవింగ్ స్కూలు ఆమె భర్తది. అతను పోయి ఏడు నెలలైంది. ఇంటి పెద్దల ఒప్పందం ప్రకారం, ఆమె చేతికి లైసెన్సు వస్తేనే స్కూలు ఆమె పేరుకు మారుతుంది. నెలాఖరు దాటితే మరిదికి పోతుంది. ఎల్లుండిదే ఆఖరి అవకాశం.

ఆమెకు ఒక్కటే అంతుబట్టడం లేదు. మరిది పక్కనుంటే ఇదే ఎత్తు వెన్న మీద కత్తిలా ఎక్కే కారు, పరీక్షలో అతను దిగిపోగానే ఎందుకు మొరాయిస్తోంది?

నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. "నీ కాలేమైనా పడుతోందా అబ్బాయ్?" అని అడిగింది.

"ఛ, ఒట్టు! అంతా నీ ప్రతాపమే. పరీక్షలో భయపడి చస్తున్నావు, అంతే."

మధ్యాహ్నం పాఠానికి ముందు, మైదానంలో గీతలు గీసే సున్నప్పొడి చిటికెడు తీసి అతని పెడళ్ళకు రుద్దింది. పాఠం బ్రహ్మాండంగా సాగింది. మరిది ఈలవేస్తూ దిగి వెళ్ళాడు. తారు మీద అతని బూట్ల తెల్లటి గుర్తులు ఆఫీసు గుమ్మం దాకా పడ్డాయి.

అంటే ఇన్నాళ్ళూ క్లచ్ పట్టి వదిలింది అతని కాలు. తను నేర్చుకున్నది సున్నా. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

మర్నాడు పొద్దున్నే పక్క సీటు ముందు బోర్లా పడుకుని, అతని పెడళ్ళను తన పెడళ్ళకు కలిపే రాడ్లు వెతికింది. ఒక్కోదానికి ఒక్కో పిన్ను. చివర్లు విడదీసి వంచి ఉన్నాయి. ప్లయర్‌తో నిటారు చేసి లాగితేగానీ ఊడలేదు. వేలు తెగింది.

రక్తం చీరకు తుడుచుకుంటూ ఆమె ఆగిపోయింది. భర్త ప్రాణం తీసింది ఇలాంటి పిన్నే. స్కూలు రెండో కారులో, నేర్చుకునే అమ్మాయి కంగారులో బ్రేకనుకుని ఆక్సిలరేటర్ తొక్కింది. ఆయన తన బ్రేకు తొక్కినా పనిచెయ్యలేదు. ఎదురుగా లారీ. పిన్ను అరిగి దానంతటదే ఊడిందని పోలీసులు రాసుకున్నారు. "అక్కడ పిన్ను ఉంటుందనే నాకు తెలీదు సార్, అవన్నీ అన్నయ్యే చూసుకునేవాడు," అని మరిది వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆసుపత్రి వరండాలో ఆమె ఆ అమ్మాయి జుట్టు పట్టుకుని, "నా మొగుణ్ణి మింగేశావే!" అని గోడకేసి కొట్టింది. ఆ అమ్మాయి ఇప్పటికీ గది దాటి రావడం లేదట.

మరిది కాలి దొంగతనం రుజువు కావాలి. ఆమె అతని కాళ్ళు కనబడేలా సీటు సందులో ఫోను దూర్చి వీడియో నొక్కింది.

మరిది వచ్చి పక్కన కూర్చున్నాక బయల్దేరి, ఎత్తు సగంలో కారు ఆపింది. మళ్ళీ కదిలిస్తూ క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. ఇంజన్ దగ్గి ఆగింది. కారు వెనక్కి జారింది. పక్కనుంచి టపటపా చప్పుడు, మరిది బూటు ఖాళీ పెడల్ని బాదుతోంది.

"పిన్ను పీకేశావా?" అరిచాడు. "బ్రేకుది కూడా పీకేశావా? చస్తాం వదినా!"

ఆమె తన బ్రేకు తొక్కింది. కారు ఆగింది.

"పిన్ను ఉంటుందనే తెలీదన్నావుగా అబ్బాయ్?"

"తర్వాత... మెకానిక్ చెప్పాడు."

"ఏం చెప్పాడు? ఊడిందా అని అడగలేదు నువ్వు. పీకేశావా అన్నావు."

మరిది ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆమె కళ్ళు తిప్పలేదు.

"కాలో చెయ్యో విరుగుతుందనుకున్నా," అన్నాడు చివరికి. "రెణ్ణెల్లు మంచాన పడతాడు, ఈలోగా స్కూలు నా చేతికొస్తుందనుకున్నా. అంతే. లారీ వస్తుందని నాకేం తెలుసు? ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ వదినా. రేపు నువ్వే పాసవుతావు, నేను చూసుకుంటా."

ఆమె ఇంజన్ స్టార్ట్ చేసింది. క్లచ్ మెల్లగా, మెల్లగా వదిలింది. ఇంజన్ గొంతు బరువెక్కింది. అక్కడే పాదం ఆపింది. బ్రేకు మీంచి కాలు తీస్తే కారు జారలేదు. తొలిసారి అది ఆమె కాలి మాట విని ఎత్తెక్కింది.

"ఎక్కడికి?" మరిది తలుపు పిడి పట్టుకున్నాడు.

"దూకుతావా? దూకు. నీ కాలు చేసిన పనీ, నోరు చెప్పిన మాటా ఆ సీటు సందులోని ఫోనులోకి ఎక్కాయి."

మరిది దూకలేదు. మైదానం గేటు పక్కనే పోలీస్ స్టేషన్. మెట్ల ముందు ఆమె కారు ఆపి, చేతిబ్రేకు లాగింది. తెగిన వేలి నుంచి మళ్ళీ రక్తం కారింది. ఆ అమ్మాయి జుట్టు పట్టుకున్నది ఈ చేత్తోనే. ఆమె ఆ చేతిని చూసుకుని, దాంతోనే సీటు సందులోంచి ఫోను తీసింది.