ముఖ్య అతిథి సోఫా మీద జేబురుమాలు

ముందే చెప్తున్నా, ఆ జేబురుమాలు నాదే. శుభ్రంగా ఉతికిందే. దానికి సెక్యూరిటీ వాళ్ళు, కుక్క, అంత హడావిడి ఎందుకో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

మా అమ్మాయి ఈ పరాయి దేశంలో కొత్తగా కట్టిన ఇంటర్నేషనల్ స్కూల్లో పనిచేస్తుంది. ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దల మర్యాదలన్నీ దాని నెత్తినే రుద్దారు. మంత్రిగారు కారెక్కడ దిగాలి, ఏ రాయబారి పక్కన ఏ రాయబారిని కూర్చోబెట్టాలి, ఎవరికి చక్కెర లేని టీ ఇవ్వాలి, అన్నీ అదే చూసుకోవాలి. ఈ గొడవలో పడి తిండీ నిద్రా మానేసింది. చూడ్డానికి వచ్చిన మాతో కూడా రెండు మాటలు మాట్లాడే తీరిక లేదు.

మా అమ్మాయి అన్నాను కదా, నా బాధంతా ఆ మాట దగ్గరే ఉంది. అది మా ఆవిడ మొదటి భర్త బిడ్డ. ఆయన పోయాక నేను మా ఆవిణ్ణి చేసుకునేసరికి రెండు జడలేసుకుని బడికెళ్ళే పిల్ల. అప్పట్నుంచీ నన్ను ఏ వరసా పెట్టి పిలవలేదు. కోపమా అంటే కాదు. నాకు జ్వరమొస్తే తల దగ్గర్నుంచి కదలదు. పిలుపు మాత్రం లేదు. "అన్నం పెట్టమంటారా?" అంటుంది. "ఫోన్ మోగుతోంది" అంటుంది. నేను మేడ మీదుంటే మెట్లన్నీ ఎక్కి వచ్చి, ఎదురుగా నిలబడి చెప్తుందే తప్ప కిందనుంచి కేకెయ్యదు. కేకెయ్యాలంటే ఏదో ఒకటి అనాలిగా మరి!

"ఒక్కసారి నాన్నా అంటే నీ సొమ్మేం పోయిందే?" అని మా ఆవిడ అప్పట్లో కసిరేది. నేనే వద్దన్నాను. అడిగి పిలిపించుకుంటే అదేం పిలుపు? కానీ ఆశ చావదు కదా. చచ్చేలోపు ఆ మాట ఒక్కసారి వింటే చాలనుకునేవాణ్ణి.

రిహార్సల్‌కి మంత్రిగారి బదులు కూర్చోడానికి మనిషి కావాల్సొచ్చింది.

"మీరు వస్తారా? ఆయన కూడా మీలాగే కాస్త ఒళ్ళున్న మనిషి" అంది అమ్మాయి. మా ఆవిడ పకపకా నవ్వింది.

వెళ్ళాను. కారు తలుపు తీసి, వంగి, "దయచేయండి, ఎక్సలెన్సీ" అంటూ నన్ను లోపలికి తీసుకెళ్ళింది. ఆ సాయంత్రం మా ఆవిడతో, "ఎట్టకేలకు నీ కూతురు నన్నో పిలుపు పిలిచిందోయ్, అదీ ఇంకొకడి పిలుపు" అన్నాను. నవ్వుతూనే అన్నాను లెండి.

ఆ రోజు రానే వచ్చింది. హాలంతా తల్లిదండ్రులు, పిల్లలు. అమ్మాయి నా దగ్గరకొచ్చి, "మంత్రిగారు వచ్చేదాకా ఈ సోఫాలో మీరు కూర్చోండి. లేకపోతే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు" అని చెప్పి వాకిట్లోకి పరిగెత్తింది.

కూర్చున్నాను. కాసేపటికే బాత్రూముకి వెళ్ళాల్సొచ్చింది. షుగరు మనిషిని, ఏం చెయ్యను? అప్పటికే ఒకావిడ పెద్ద సంచీతో ఆ సోఫా వైపే చూస్తోంది. నేను బతుకంతా బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి. కిటికీలోంచి రుమాలు వేశాడంటే ఆ సీటు వాడిదే, ఎంత మొనగాడైనా ఇంకొకడు కూర్చోడానికి లేదు. ఆ పంచాయితీలు ఎన్ని తీర్చానో! అందుకని రుమాలు వేశాను. ఏసీ గాలికి ఎగిరిపోతుందేమోనని, కళ్ళజోడు తీసి జేబులో వేసుకుని, దాని పెట్టె మడతలో పెట్టాను. నిశ్చింతగా వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి హాల్లో కుర్చీలన్నీ ఖాళీ. జనాన్నంతా గోడల వెంట, గుమ్మాల దగ్గరా నిలబెట్టేశారు. నల్లకుక్క ఒకటి నా రుమాలుని వాసన చూస్తోంది. మంత్రిగారి కారు గేటు దగ్గరే ఆపేశారట. సెక్యూరిటీ ఆఫీసరు ఏదో అరుస్తున్నాడు. భాష రాకపోయినా సంగతి అర్థమైంది.

"నాదేనయ్యా బాబూ, నాదే! అందులో ఉంది కళ్ళజోడు పెట్టె!" అని చెయ్యెత్తి ముందుకెళ్ళాను. వాళ్ళకి తెలుగొచ్చి చావదు కదా. సరే, కళ్ళజోడు చూపిస్తే తెలుస్తుందని జేబులో చెయ్యి పెట్టాను. ఆ ఆఫీసరు చెయ్యి టక్కున నడుం దగ్గరున్న తుపాకీ మీదికి పోయింది.

"నాన్నా!"

హాలు చివరనుంచి ఒక్క కేక.

"నాన్నా, జేబులో చెయ్యి పెట్టకు! కదలకు నాన్నా!"

కదలడమా! రాయిలా నిలబడిపోయాను. అది చెప్పులు ఎక్కడో వదిలేసి ఉత్త కాళ్ళతో పరిగెత్తుకొచ్చి, నాకూ ఆ తుపాకీకీ మధ్య చేతులు చాపి నిలబడింది. ఆఫీసరుతో వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పింది. వాళ్ళు పెట్టె తెరిచారు, జేబులు తడిమారు, చివరికి ఒకడు నవ్వాడు.

అది మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"బుద్ధుందా నాన్నా నీకు? మంత్రిగారి సోఫాకి రుమాలు వేస్తారా ఎవరైనా? వాడు కాల్చేస్తే ఏమయ్యేది నా గతి? చెప్పు!"

అని తిడుతూనే ఏడుస్తోంది. తప్పే తల్లీ అనాలి నేను. ప్రతి తిట్టుకీ ఊఁ కొడుతూ నిలబడ్డాను, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఆఫీసరు నన్ను చూపించి ఏదో అడిగాడు.

"ఏమంటాడు?" అన్నాను.

"ఆయన బాగా భయపడ్డారా అంటున్నాడు."

భయమా, నా మొహమా!

జనాన్ని మళ్ళీ సీట్లలో కూర్చోబెట్టారు. ఇంతలో మంత్రిగారి కారు గేటు దగ్గర్నుంచి బయల్దేరిందని కబురొచ్చింది. అమ్మాయి కళ్ళు తుడుచుకుని, చెప్పులు వెతుక్కుని గుమ్మం వైపు పరిగెత్తింది. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగింది.

"నాన్నా, వెళ్ళి అమ్మ పక్కన కూర్చో! మళ్ళీ చెప్పేదాకా లేవకు!"

వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మంత్రిగారు లోపలికొచ్చారు. హాలంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. పక్కాయన నన్ను మోచేత్తో పొడిచాడు, మా ఆవిడ కూడా లెమ్మని సైగ చేసింది.

నేను లేవలేదు. నా కూతురు లేవొద్దంది.