ఎవరూ పడుకోని గది

మా వదిన గొప్పలు పోతే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అసలు గొడవంతా ఆవిడ గొప్పల వల్లే ముదిరింది. అది మొదలుపెట్టిన పాపంలో మాత్రం సగం వాటా నాదే.

మేమిద్దరం బస్టాండు వెనక ముప్పై రెండు గదుల లాడ్జిలో పనిచేస్తాం. ఇరవై రెండేళ్ళుగా పక్కలు వేయడం వదిన వంతు, బాత్‌రూములు నా వంతు. వదిన వేసిన దుప్పటి మీద ముడత కనిపెట్టాలంటే కళ్ళజోడు పెట్టుకున్నా లాభం లేదు. నేను తుడిచిన కుళాయి మీద నీటి చుక్క ఉంటే నా పేరు మార్చుకుంటాను.

ఈ ఏడు ఓనరు లాడ్జికి రంగులు వేయిస్తూ పది రోజులు మూసేశాడు. "ఇన్నేళ్ళూ వచ్చేపోయేవాళ్ళందరికీ పక్కలు వేశాం. ఒక్కసారి మనమూ పోయి పడుకుందాం పదవే" అంది వదిన. ఎక్కడో ఒకచోట కాదట. పెద్ద నగరంలో, పండగ రోజుల్లో, పత్రికల్లో ఫొటోలు పడే హోటల్లో. మా అన్నయ్యని కూడా రమ్మన్నాం. టీవీ ముందు కుర్చీ వదిలి రానన్నాడు. మంచిదే అయింది.

హోటల్ చూసి ఇద్దరం నోరు వెళ్ళబెట్టాం. లోపల అడుగు పెట్టగానే తేనె రంగు గాజు దీపాలు, కూర్చుంటే లేవబుద్ధి కాని సోఫాలు, నాలుగు వైపులా అద్దాలున్న లిఫ్టు. ఆ అద్దాల్లో పదిమంది వదినలు కనిపిస్తే నాకు గుండె ఆగినంత పనైంది, ఒక్కరితోనే వేగలేకపోతున్నాను మరి. గది నాలుగో అంతస్తులో. కిటికీ తెరిస్తే కింద వీధిలో మనుషులు నిచ్చెనలెక్కి కాగితం దీపాలు కడుతున్నారు. అటు చూడకుండా వదిన దుప్పటి కొస పట్టుకుని రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"మంచి నూలేనే. గంజే కాస్త ఎక్కువైంది."

ఆ సాయంత్రం మేడ మీది రెస్టారెంట్‌లో భోంచేశాం. ఊరంతా కాళ్ళ కింద దీపాలతో మెరిసిపోతోంది. వేడి సూపు, నిప్పుల మీద కాల్చిన చేప, నోట్లో పెట్టుకోగానే కరిగిపోయే మీగడ తీపి. నా జన్మలో అంత తీరిగ్గా తినలేదు. వదిన మాత్రం తిన్న ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, చేతిరుమాళ్ళు మడతపెట్టి, మెతుకులు ఓ పక్కకి ఊడ్చి పెట్టింది. వెయిటరు వచ్చి, సర్దడానికేమీ మిగల్లేదని ఆ దొంతర ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

గదికొచ్చాక నా చేతులూ ఊరుకోలేదు. బాత్‌రూములో ఓ మూల కాస్త మసగ్గా అనిపించింది. బ్రష్షు కోసం వెతుక్కుంటూ వసారా చివర సామాన్ల గదికి వెళ్ళాను. అక్కడ నలభై దాటిన ఒకావిడ, ముందు జుట్టు నెరిసింది, తువ్వాళ్ళ గుట్ట ముందు కూర్చుని ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "పండగ డ్యూటీకి కొత్తగా వేశారా?" అంది. కాదని చెప్పి, ఎవరమో ఎక్కణ్ణుంచి వచ్చామో వివరించే ఓపిక లేక "ఊఁ" అన్నాను. అలా అన్నాక ఊరికే నిలబడితే బాగుండదు కదా, నేనూ కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టాను. ఆవిడ తన కథంతా చెప్పింది. భర్త పోయాక దొరికిన మొదటి పని ఇదేనట. మూడు నెలలు పరీక్ష. పండగ రోజుతో అది పూర్తవుతుంది, సూపర్‌వైజరు సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేదంటే మళ్ళీ చెల్లెలి ఇంట్లో వంటింటి గడప దగ్గర పడుకోవాలి.

"ఇప్పటిదాకా ఒక్క తప్పు లేదమ్మా. ఇంక రెండు రోజులే" అని నా చేతికి బ్రష్షు ఇచ్చింది.

మర్నాడు పొద్దున్న లేచామో లేదో, వదిన పక్క వేసేసింది. దిండ్లు దులిపి, మూలలు కవరు మడిచినట్టు మడిచి లోపలికి తోసింది. నేను బాత్‌రూము కడిగి, అద్దం తుడిచి, కప్పులు కడిగి బోర్లించాను. బ్యాగులు, చెప్పులు బీరువాలో పెట్టేశాం. ఎవరూ చెప్పలేదు, ఒకరినొకరం అడగనూ లేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు, పళ్ళు తోముకున్నట్టు చేసేశాం.

టిఫిన్ల హాలులో మా బల్లకి ఒక రిటైరైన ఇంజినీరు, ఆయన భార్య వచ్చి కూర్చున్నారు. పండగకి కూతురూ అల్లుడూ వస్తున్నారట, ఎక్కడా గది ఖాళీ లేదట. పెద్దావిడ మర్యాదగా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది. మా వదిన గుడ్డు ముక్క మింగి, "మాదీ హోటల్ బిజినెస్సేనండీ" అంది.

నాకు పొలమారింది.

"అలాగా! ఎన్ని గదులు?"

"ముప్పై రెండండీ. ఇది మా ఆడపడుచు, మేనేజరు."

ఆపైన ఇక కోతలే కోతలు. స్టాఫుని ఎలా అదుపులో పెట్టాలో ఆ ఇంజినీరుకి పావుగంట పాఠం చెప్పింది. బయటికి రాగానే నేను విరుచుకుపడ్డాను.

"రెండు రోజులేగా. ఎవరికి నష్టం?" అంది వదిన, నా మొహం కూడా చూడకుండా.

ఆ రోజంతా తిరిగాం. సందుల్లో, వంతెనల మీద, పూల బజారులో. ఒక ఇరుకు హోటల్లో జనం మధ్య భుజాలు రాసుకుంటూ తిన్నాం, అద్భుతంగా ఉంది. మేం లేనప్పుడు మా గది ఫోను మోగిందని, రిసెప్షన్ వాళ్ళు రెండుసార్లు ప్రయత్నించారని మాకేం తెలుసు?

పండగ రోజు పొద్దున్నా అదే వరస. పక్క వేయడం, కడగడం, టిఫిను, కోతలు. మధ్యాహ్నం ఎండ ఎక్కువగా ఉందని గదికొచ్చి నేను నడుం వాల్చాను. వదిన బాత్‌రూములోంచి కేక వేసింది.

"నువ్వు కడిగిన బాత్‌రూమేనా ఇది? తూము పక్కన చూడు!"

నా పనికి వంక పెడితే నేను లేస్తానా? లేవలేదు. వదినే చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, బ్రష్షుతో రుద్దడం మొదలెట్టింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. పెట్టెలు మోస్తున్న మనిషి, వెనకే ఇంజినీరుగారు, పెద్దావిడ, కూతురు, అల్లుడు. నేను లేచి కూర్చున్నాను. బాత్‌రూము తలుపు బార్లా తెరిచే ఉంది.

"అయ్యో, ఓనరుగారూ!" అంది పెద్దావిడ.

"చెవి పోగు పడిపోయిందండీ" అంది వదిన, బ్రష్షు వెనక దాచుకుని. పోగులు రెండూ చెవులకే వేలాడుతున్నాయి.

అయిదు నిమిషాల్లో మేనేజరు వచ్చాడు, సూపర్‌వైజరు వచ్చింది. సూపర్‌వైజరంటే మా పెద్దమ్మాయి వయసుంటుంది. చేతిలో గదుల చార్టు. సంగతి తేలింది. అందులో మా గది నంబరు ఎదురుగా రెండు రోజులూ 'ఎవరూ పడుకోలేదు' అని రాసి ఉంది. ఫోను ఎత్తేవాళ్ళు లేరు. తాళం తీసుకుని, చెప్పకుండా వెళ్ళిపోయిన మనుషులనుకుని, గది కోసం బతిమాలుతున్న ఇంజినీరుగారి కూతురికి ఇచ్చేశారు. పండగ హడావిడిలో బీరువా తెరిచి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

అలా రాసిన మనిషిని పిలిపించారు. వచ్చింది తువ్వాళ్ళావిడే.

"మనుషులున్న గదిలో ఎవరూ పడుకోలేదని ఎలా రాశావు? వీళ్ళు రెండు రాత్రులూ మేడ మీద పడుకున్నారా?" అంది సూపర్‌వైజరు.

"నిజం చెబుతున్నానమ్మా. రెండు రోజులూ లోపలికొచ్చి చూశాను. పక్క మీద ముడత లేదు. కుళాయి మీద చుక్క లేదు. తువ్వాలు మడత విప్పలేదు. మనుషులున్న గది అలా ఉండదమ్మా."

"గదిలోకి రాకుండానే రాసేశావు. అందుకే ఇలా దొరికిపోయావు. సంతకం సంగతి మర్చిపో. ట్రాలీ అప్పజెప్పి వెళ్ళు."

ఆవిడ దిక్కులు చూసింది. నేను కనబడ్డాను. "ఈవిడ మన స్టాఫే కదా? మొన్న నాతో తువ్వాళ్ళు మడతపెట్టింది. నువ్వయినా చెప్పమ్మా!"

అందరూ నావైపు తిరిగారు. నేను నోరు తెరవబోయాను. వదిన నా చెయ్యి గిల్లింది. గట్టిగా, గోళ్ళు దిగేలా. పెద్దావిడ అక్కడే ఉంది, ఇంజినీరుగారు అక్కడే ఉన్నాడు, రెండు రోజుల గొప్పలన్నీ అక్కడే నిలబడి ఉన్నాయి. వదిన మొహం చూస్తే కోపం కంటే జాలేసింది నాకు. అయినా నేనాగేదాన్ని కాదు, నిజం చెప్పేయడానికి అప్పటికే ఊపిరి పీల్చుకున్నాను.

తువ్వాళ్ళావిడ నా జవాబు కోసం ఆగలేదు. నడుముకి కట్టుకున్న యూనిఫాం గుడ్డ విప్పబోయింది. ముడి ఊడి రావడం లేదు. ఆ వేళ్ళు బట్టల సోడాకి పగిలి, కణుపుల దగ్గర తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మా ఇద్దరి వేళ్ళూ అలాగే ఉంటాయి. వదిన ఆ చేతులకేసి చూస్తూ నా చెయ్యి వదిలేసింది.

"ఆగమ్మా. ఆ ముడి విప్పకు."

అని, చీర కుచ్చెళ్ళు అలా దోపుకునే ముందుకొచ్చింది.

"ఆవిడ రాసింది అబద్ధం కాదు. అబద్ధం చెప్పింది నేను. మాది హోటల్ కాదండీ, బస్టాండు వెనక లాడ్జి. అది కూడా మాది కాదు. నేను అక్కడ పక్కలు వేస్తాను. ఇది మేనేజరు కాదు, బాత్‌రూములు కడుగుతుంది. పొద్దున్నే లేచి మా గది మేమే సర్దేసుకున్నాం. చెయ్యకుండా ఉండలేం."

సూపర్‌వైజరు కాస్త మెత్తబడి, "జాలిపడి అంటున్నారు మేడమ్. గెస్టులు సర్దుకుంటే మాకు తెలిసిపోతుంది. అంత బాగా ఎవరూ..." అంది.

అంతే. వదినకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిణ్ణి అబద్ధాలకోరు అన్నా ఊరుకుంటుంది, పని రాదంటే ఊరుకోదు. దుప్పటి కొస పట్టి ఒక్క లాగు లాగింది. దిండ్లు ఎగిరిపడ్డాయి. మళ్ళీ దుప్పటి గాల్లోకి విసిరింది, అది పరుపు మీద సమంగా దిగింది. అరచేత్తో ఒక్కసారి నిమిరి, ఆ మూలకీ ఈ మూలకీ మడతలు వేసి తోసి, దిండ్లు దులిపి పెట్టి, చేతులు దులుపుకుంది. ఇంజినీరుగారి అల్లుడు చేతిలో పెట్టె ఇంకా కింద పెట్టనే లేదు.

సూపర్‌వైజరు వంగి మూల చూసింది. వేలితో తడిమింది. తల ఎత్తినప్పుడు ఆ పిల్ల మొహంలో అధికారం లేదు.

"ఇదెలా మడిచారండీ?"

"అటువైపు పట్టుకో తల్లీ, చూపిస్తాను."

చార్టు మంచం మీద పడేసి సూపర్‌వైజరు దుప్పటి పట్టుకుంది. నేర్చుకోవడం అయ్యాక చార్టు తీసి తువ్వాళ్ళావిడ వంక చూసింది. "నువ్వు చూసిందే రాశావు. తప్పు నాది" అని, జేబులోంచి కాగితం తీసి, మా బల్ల మీదే పెట్టి సంతకం చేసింది. తువ్వాళ్ళావిడ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చదివింది. ఉన్నవి నాలుగు లైన్లే.

ఇంజినీరుగారి కూతురికి మేనేజరు తన ఆఫీసు పక్క గది ఖాళీ చేయించి ఇచ్చాడు. వదిన మాత్రం తల ఎత్తలేకపోతోంది. పెద్దావిడ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ముందే చెప్పకూడదటండీ? తెల్ల దుప్పటి మీద టీ మరక పోయే దారి మూడేళ్ళుగా వెతుకుతున్నాను. ఓనరుకేం తెలుస్తుందిలే అని అడగలేదు!"

సాయంత్రం ఊరంతా వీధిలోకి వచ్చేసింది. ప్రతి ఇంటి ముందూ బల్లే, బల్ల పక్కన బల్ల, పైన వేల కాగితం దీపాలు, ఎక్కడో డప్పులు. ఆ రోజు ఎవరి కంచంలో వాళ్ళు వడ్డించుకోకూడదు, పక్కవాళ్ళే వడ్డించాలి. అది అక్కడి పద్ధతి. వదిన పక్కన పెద్దావిడ కూర్చుని వడ్డిస్తూ పోయింది, వదిన మరకల గురించి చెబుతూ పోయింది. టీ మరక, పసుపు మరక, తుప్పు మరక. చుట్టూ ఏడెనిమిది మంది చేరారు. ఓనరుగా ఉన్న రెండు రోజుల్లో ఆవిడ మాట అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. నేను ఎవరి మాటా వినకుండా నాలుగుసార్లు తీపి వేయించుకున్నాను.

మర్నాడు పొద్దున్న వదిన లేస్తూనే దుప్పటి మీద చెయ్యి వేసింది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనీ" అన్నాను.

వదినని తీసుకెళ్ళి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది, పరీక్ష హాల్లో పిల్లలా. తలుపు తట్టి తువ్వాళ్ళావిడ వచ్చింది. మమ్మల్ని చూసి నవ్వింది. పాత దుప్పటి తీసి, కొత్తది పరిచింది. వదినంత వేగం లేదు, ఒక మూల రెండుసార్లు విప్పి మళ్ళీ వేసింది. వదిన ఒక్క మాట అనలేదు. నేను తిరిగి చూసేసరికి బుగ్గల మీద నీళ్ళు కారిపోతున్నాయి.

"ఏమైంది వదినా?"

"ఏం లేదే. మా అమ్మ పోయాక నాకు పక్క వేసినవాళ్ళు లేరు."

ఆవిడ భుజం పట్టుకుని నిలబడ్డాను, నాకూ కళ్ళు మండాయి.

తువ్వాళ్ళావిడ దిండు సరిచేసి, దుప్పటి ఓ పక్క మడిచి తెరిచింది. "బస్సుకి ఇంకా టైముందిగా అక్కా. కాసేపు పడుకో" అంది.

వదిన లేచి వెళ్ళి, ప్రయాణానికి కట్టుకున్న మంచి చీర నలిగిపోతుందని కూడా చూసుకోకుండా, ఆ మంచం నడిమధ్యన పడుకుంది. బస్సు వేళ అయ్యేదాకా లేవలేదు.