పై వాటాకు వేసిన మార్కులు

నేను ఒక పరీక్ష అట్టను. పదో తరగతి పరీక్షలకు మీరంతా నాలాంటిదాన్ని చంకలో పెట్టుకుని వెళ్లినవాళ్లే, పరీక్షలయ్యాక దాన్ని ఎక్కడ పారేశారో గుర్తులేనివాళ్లే. అందుకని నా కథ నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

విజయవాడలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. చెక్కపొట్టును నొక్కి చేసిన గోధుమరంగు పలకను కొలతకు కోసి, తలమీద ఇనుప క్లిప్పు బిగించి బజారుకు పంపారు. తణుకులో ఒక అమ్మాయి నన్ను కొనుక్కుని, నా నాలుగు మూలలా పసుపు రాసి, నడినెత్తిన ఓంకారం చుట్టింది. చదవాల్సింది తనైతే పూజలు నాకు! ఆఖరి పరీక్ష అవగానే స్నేహితురాళ్లతో కేకలు వేసుకుంటూ పరిగెత్తిపోయింది. బెంచీ మీద నేను మిగిలిపోయాను.

ఆ గదికి కాపలా ఉన్న లెక్కల మాస్టారు చిదంబరమూర్తి గారు నన్ను తీసుకుని, నాలుగు రోజులు ఆ పిల్ల కోసం వాకబు చేశారు. ఎవరూ రాలేదు. అలా ఆయన ఇంటికి చేరి ఇరవై ఆరేళ్లయింది. ఆ ఇంట్లో ఒక మనిషి, ఒక కంచం, ఒక మంచం. మాస్టారు పెళ్లి చేసుకోలేదు. కళకే అంకితమైపోయారని ఊళ్లోవాళ్లు సభల్లో చెప్పేవారు. మనుషులకు ఒక సుగుణం ఉంది, తెలియనిదానికి గౌరవమైన కారణం ఒకటి వెతికిపెట్టుకుని నిశ్చింతగా నిద్రపోతారు.

కళ అన్నమాట అబద్ధమేమీ కాదు. వయసులో ఉన్నప్పుడు మాస్టారు పద్యనాటకాల్లో ఆడవేషాలు వేసేవారట. ఆయన రాణి అయితే పక్క ఊరు వేల్పూరు నుంచి వచ్చే బుల్లిరాయుడు గారు రాజు. పదేళ్లు ఆ జంటకు జిల్లాలో తిరుగులేదు. రాజు రాణి చెయ్యి పట్టుకుంటే ఈలలు, రాణి కన్నీళ్లు పెట్టుకుంటే ముందు వరుసలో పెద్దమనుషుల కండువాలు తడిసేవట. "మొగుడూ పెళ్లాలంటే మీరేనయ్యా" అని మునసబు గారు ఇద్దరికీ కలిపి ఒకే దండ వేసిన ఫోటో మా ముందుగదిలో ఉంది. రోజూ పొద్దున్నే మాస్టారు దానికి దుమ్ము తుడుస్తారు. కాసేపు ఎక్కువగానే తుడుస్తారు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మాస్టారు మా నాటక పరిషత్తుకు పరిశీలకుడయ్యారు. పోటీలకు ముందు ముగ్గురు పెద్దలు కారెక్కి ఊరూరా తిరిగి, రంగులూ లైట్లూ లేకుండా ఒక్కో నాటిక చూసి మార్కులు వేస్తారు. ఎక్కువ వచ్చినవాళ్లే పోటీల్లో ఆడతారు. ముగ్గురిలో ఒకరు మాస్టారు, ఒకరు పరిషత్తు కార్యదర్శి పద్మనాభం గారు. మూడో ఆయన నాటిక మొదలవగానే కునుకు తీసి, చప్పట్లకు లేచి, ఎవరికీ అన్యాయం జరక్కుండా అందరికీ ఒకే మార్కు వేసే ధర్మాత్ముడు.

నా పని మాస్టారి ఒళ్లో పడుకుని ఆ మార్కులు మోయడం. మొహం మీద ఎప్పుడూ కాగితం కప్పుకుని ఉంటాను కాబట్టి నాకు చూపు తక్కువ, వినికిడి ఎక్కువ. కలం నొక్కు మాత్రం బాగా తెలుస్తుంది. నచ్చి వేసిన మార్కుకు కలం తేలిగ్గా నడుస్తుంది. మొహమాటానికి వేసేటప్పుడు గట్టిగా నొక్కుతారు. ఇన్నేళ్ల నా చదువు ఇంతే.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం కాకినాడలో, ఒక బడి హాల్లో, 'పై వాటా' అనే నాటిక చూశాం. రాసింది, ఆడించింది, అందులో ఒక వేషం వేసింది త్రినాథ్ అనే ముప్ఫయ్యేళ్ల కుర్రాడు. కథ చిన్నది. అద్దెకు తీసుకున్న మేడ మీది వాటాలో ఇద్దరు మగవాళ్లు ఆరేళ్లుగా కాపురం చేస్తున్నారు. కాపురం అనే మాటే వాడారు. ఒకడికి ఇంట్లోవాళ్లు పెళ్లి కుదిర్చారు, వాడు తలూపి వచ్చాడు. నాటికంతా ఆ సాయంత్రమే. గిన్నెలూ దుప్పట్లూ పంచుకుంటారు. ప్రెషర్ కుక్కరు ఎవరిదో తేలక పోట్లాడుకుంటారు. పక్కాయన గురక కూడా ఆగింది. చివర మిగిలిపోయేవాడు రెండోవాడి కాళ్లు పట్టుకుని, గోడకేసి తల బాదుకుని హోరున ఏడుస్తాడు. నాటిక అయిపోతుంది.

మాస్టారు నటన గడిలో పాతికకు ఇరవై మూడు వేశారు. కలం పూవులా నడిచింది.

త్రినాథ్ చెమట తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"బాగా ఆడారు బాబూ," అన్నారు పద్మనాభం గారు. "కానీ ఆడపాత్ర ఏదీ? ఒక్కటన్నా ఉండాలని మా నిబంధన గదా. ఆ రెండో అబ్బాయి చోట ఒక అమ్మాయిని పెట్టేయండి. డైలాగులు కూడా మార్చక్కర్లేదు, చక్కగా సరిపోతాయి."

మాస్టారు అందుకున్నారు. ఆ కుర్రాళ్లకు సాయం చేస్తున్నాననే అనుకున్నారు పాపం. "అమ్మాయి దొరక్కపోతే ఆ అబ్బాయికే చీర కట్టించవయ్యా. మేం కట్టలేదా? జనం నెత్తిన పెట్టుకున్నారు."

"చీర కడితే ఒప్పుకుంటారండి, మాకు తెలుసు," అన్నాడు త్రినాథ్. "చీర లేకుండా ఒప్పుకుంటారా అని అడగడానికేనండి, ఈ నాటిక రాసుకున్నది."

మాస్టారి వేళ్లు నా అంచును పట్టుకుని ఎంతకీ వదల్లేదు. పదేళ్లపాటు ఊరు ఊరంతా ఆయన ప్రేమకు ఈలలు వేసింది. చీర విప్పాక ఆయన ఎవరో ఒక్కరూ అడగలేదు. అది ఆయనకు ఆ క్షణంలోనే తట్టిందో, నలభై ఏళ్లుగా తెలుసో నాకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో పద్మనాభం గారు గొంతు తగ్గించారు. "మాస్టారూ, నిబంధన అని తీసేస్తే రేపు పేపర్లో రాసిపారేస్తారు. మార్కుల్లో పోయిందనుకోండి, ఎవడూ నోరెత్తడు. మీ కాగితం ఓసారి... ఇరవై మూడా! అయ్య బాబోయ్! ఇంకోలా అనుకోకండి. మీరా పెళ్లిచేసుకోనివారు. అసలే ఆడవేషాలు వేసినవారు. ఇలాంటిదానికి మీరే ఇన్ని మార్కులు వేశారంటే, ఊళ్లో నోళ్లు ఊరుకుంటాయా చెప్పండి?"

కారు రావులపాలెం వంతెన దాటేదాకా మాస్టారు కిటికీలోంచి గోదావరిని చూస్తూ కూర్చున్నారు. తర్వాత కలం తీసి ఇరవై మూడు కొట్టేసి పదకొండు వేశారు. ఆ రెండు ఒకట్లూ కాగితం దాటి నా ఒంట్లో దిగాయి. అభిప్రాయం అన్నచోట 'ముగింపులో సహజత్వం లేదు' అని రాశారు. ఆ మాట రాసేటప్పుడు మాత్రం కలం తేలిగ్గానే కదిలింది. అది నాకు అప్పుడు అర్థం కాలేదు.

'పై వాటా' ఎంపిక కాలేదు. పిరికివాడి చేతిలో కలం పెట్టి న్యాయం అడగకూడదు. నా యజమాని గురించి ఈ మాట అనడానికి నాకు బాధగానే ఉంది, కానీ నిజం.

పదిహేను రోజుల తర్వాత త్రినాథ్ మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. ఓడిన నాటక సమాజాలవాళ్లు పెద్దల్ని కలిసి ఎక్కడ తగ్గిందని అడగడం మామూలే. కానీ వాడి గొంతులో మర్యాద పైపైనే ఉంది.

"సహజత్వం లేదని రాశారటండి. మనసు విరిగినవాడు ఏడిస్తే సహజం కాదాండి?"

"అలా ఏడవరు."

"మీకెలా తెలుసండి?"

మాస్టారు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. గోడమీది ఫోటో చూపించారు. "ఆ రాజు వేషం ఆయనకు పెళ్లి కుదిరింది. పందిట్లో వడ్డన నాదే. అక్షింతలు వేశాను. తర్వాత బంతిలో కూర్చుని ఆకు ఖాళీ చేశాను. పెరుగు రెండోసారి వేయించుకున్నాను. తినకపోతే ఎందుకు తినలేదని ఎవరో ఒకరు అడుగుతారు గదా నాయనా. ఏడవరు. ఏడవడానికి చోటుండదు."

త్రినాథ్ లేచి ఆ ఫోటో దగ్గరికి వెళ్లాడు.

"మార్కు మాత్రం భయపడి వేశాను," అన్నారు మాస్టారు. "అబద్ధపు మార్కు. నీకు అన్యాయం చేశాను. రాసిన మాట మాత్రం నిజం."

"ఇప్పుడు చెప్పింది రాసివ్వండి మాస్టారూ. అదే మా ముగింపు."

మాస్టారు నన్ను ఒళ్లోకి తీసుకున్నారు. రెండు కాగితాలు. కలం ఎక్కడా నొక్కలేదు, ఎక్కడా ఆగలేదు. చదివాక త్రినాథ్ అడిగాడు, ఎవరు రాశారని వేయమంటారని.

"నా పేరే వెయ్యి. ఇంటిపేరుతో సహా. ఎక్కడ చూసినా నా పేరు పక్కన స్త్రీపాత్రధారి అని వేస్తారు. అది వద్దు, ఉత్త పేరు చాలు."

విశాఖపట్నంలో నాటిక ఆడింది. కరపత్రం పోస్టులో వచ్చింది. మాస్టారు దాన్ని నా క్లిప్పుకు పెట్టి నన్ను ముందుగదిలో మేకుకు తగిలించారు. పద్మనాభం గారు వచ్చి, చదివి, కాఫీ సగంలో వదిలేసి వెళ్లారు. ఆ ఏడాది పరిషత్తు నుంచి ఉత్తరం రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. సాయంత్రం అరుగు మీద చేరే పెద్దమనుషులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఇల్లు ఎంత పెద్దదో నాకు అప్పుడే తెలిసింది. ఒక్కోరోజు ఆ ఇంట్లో మాట వినిపించేది కాదు. అయినా మాస్టారు కరపత్రం తియ్యలేదు.

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగింది. చేతికర్ర ఊతంగా ఒక ముసలాయన దిగి లోపలికి వచ్చారు. ఫోటోలోని రాజే. భార్య పోయిందట, కొడుకు దగ్గర ఉంటున్నారట. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మనవడి ఫోనులో చూశానురా చిదంబరం, నీ నాటిక," అన్నారు బుల్లిరాయుడు గారు. "ఇన్నాళ్లూ నీ మీద కోపం నాకు. నా పెళ్లిలో నవ్వుతూ తిన్నావు. రెండోసారి పెరుగు కూడా వేయించుకున్నావు."

"పీటల మీద ఉన్నవాడివి, అది నీకెలా కనిపించిందిరా?"

"ఆ రోజంతా నేను ఇంకేం చూడలేదు."

బయట ఆటో అబ్బాయి హారన్ కొట్టాడు. కొడుకు ఎదురుచూస్తాడని చెప్పి ఆయన వెళ్లిపోయారు. మళ్లీ వస్తానని అనలేదు.

మాస్టారు తలుపు వేసి నన్ను మేకు నుంచి దించారు. కరపత్రం తీసి పక్కన పెట్టి, ఉత్తదాన్నే ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నారు. చెక్కపొట్టును కదా, తడి తగిలితే ఉబ్బుతాను. పొద్దు గూకేసరికి నా కుడి మూల ఉబ్బింది. ఆ మూల ఇక సాపు కాదు.